వారం రోజుల్లో గోజెక్ నుంచి కెకోవాకి యాట్‌లో వెళ్లి రావచ్చా?

నమస్తే అండి. మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: సెప్టెంబరు రెండో వారంలో నలుగురు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు కలిసి టర్కీలో 40 అడుగుల తెరచాప యాట్ అద్దెకు తీసుకుంటున్నారు. శనివారం ఎక్కి మళ్లీ శనివారం దిగాలి. ఫెతియె అఖాతంలోని రేవు ఊరు గోజెక్‌లో బయలుదేరి, తూర్పున మునిగిన పట్టణం ఉన్న కెకోవా దీవి చూసి తిరిగి రావాలని కోరిక. మీకు డే స్కిప్పర్ ప్రాక్టికల్ సర్టిఫికెట్ (పగటిపూట చిన్న యాట్ నడపగలరని తెలిపే పత్రం) ఉంది, హుస్సేన్‌సాగర్‌లో లేజర్ (ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ) నడిపిన అలవాటు ఉంది. రూటు సరిపోతుందా, స్కిప్పర్ (పడవ నడిపే కెప్టెన్) కావాలా, వంట సంగతేంటి అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. కెకోవాని ఈ వారంలోంచి తీసేయండి. ఫెతియె అఖాతంలోనే తిరుగుతూ, ఒక్కసారి బయటికి గెమిలెర్ దీవి దాకా వెళ్లి రండి. మొత్తం 60, 70 నాటికల్ మైళ్లు (సముద్రపు మైలు, సుమారు 1.85 కి.మీ.) చాలు. స్కిప్పర్‌ని వారమంతా పెట్టుకోనక్కర్లేదు, మొదటి రెండు మూడు రోజులకి మాత్రం తప్పకుండా పెట్టుకోండి. సెప్టెంబరు ఎంపిక చాలా బాగుంది. నీళ్లు ఇంకా 26, 27 డిగ్రీల వెచ్చదనంతో ఉంటాయి, ఆగస్టు రద్దీ తగ్గుతుంది.

కెకోవా ఎందుకు వద్దంటే, లెక్క చూడండి. గోజెక్ నుంచి కల్కాన్ సుమారు 45 మైళ్లు, అక్కణ్ణుంచి కాష్ మీదుగా కెకోవా ఇంకో 25, 30. రానూపోనూ 140 మైళ్ల పైమాటే. 40 అడుగుల పడవ ఇంజను మీద 5.5 నుంచి 6 నాట్ల వేగంతో, అంటే గంటకి అన్ని నాటికల్ మైళ్లు వెళ్తుంది. అంటే పాతిక గంటల ప్రయాణం. శనివారం సాయంత్రం నాలుగైదు గంటలకి గానీ పడవ చేతికి రాదు, శుక్రవారం సాయంత్రానికి తిరిగి అప్పజెప్పాలి. మధ్యలో మిగిలేది అయిదున్నర రోజులు. రాత్రిపూట నడపడానికి అద్దె ఒప్పందాలు సాధారణంగా ఒప్పుకోవు.

కాగితం మీద అయినా సరిపోతుంది కదా అనిపిస్తుంది. చిక్కంతా తిరుగు ప్రయాణంలో ఉంది. గెమిలెర్‌కీ కల్కాన్‌కీ మధ్య యెదిబురున్లర్ అనే ఏడు కొండకొమ్ముల తీరం ఉంది. సుమారు 20 మైళ్ల పొడవునా ధైర్యంగా తలదాచుకునే చోటు లేదు. అక్కడ పశ్చిమ, వాయవ్య గాలి మధ్యాహ్నం లేస్తుంది. దానికి కొండగోడకి కొట్టుకుని వెనక్కి మళ్లిన అలలు కలిసి నీళ్లు గజిబిజిగా ఎగిరిపడతాయి. వెళ్లేటప్పుడు గాలివాటం కాబట్టి హాయిగా ఉంటుంది. వచ్చేటప్పుడు అదే గాలి ముఖాన కొడుతుంది, పడవ వేగం 3 నాట్లకి పడిపోతుంది, లోపల పిల్లలు వాంతులు చేసుకుంటారు. ఒక్క రోజు వాతావరణం తేడా వస్తే శుక్రవారం గడువు తప్పుతుంది. గడువు తప్పకూడదని చెడ్డ గాలిలో బయలుదేరడమే అసలు ప్రమాదం. పైగా కెకోవా దీవి ఉత్తరపు ఒడ్డున మునిగిన పట్టణం ఉన్నచోట లంగరు వేయనివ్వరు, ఈదనివ్వరు. పక్కనుంచి చూసుకుంటూ పోవడమే. దానికి యాట్ అవసరం లేదు. యాట్ అప్పజెప్పాక ఒక రోజు ఉండి, రోడ్డు మీద రెండు రెండున్నర గంటల్లో కాష్ చేరి, అక్కడ రోజువారీ టూరు పడవ ఎక్కండి.

ఇక స్కిప్పర్ సంగతి. లేజర్ నడిపినవాళ్లకి గాలి భాష వచ్చు, అది పెద్ద ఆస్తి. కానీ ఈ తీరంలో ఇబ్బంది పెట్టేది తెరచాప కాదండీ, సాయంత్రం పడవని కట్టేయడం. 8 టన్నుల పడవ బ్రేకు వేస్తే ఆగదు. రివర్స్‌లో వేగం అందుకునే దాకా చుక్కాని మాట వినదు. చాలా పడవల్లో రివర్స్ గేరు వేయగానే ప్రొపెల్లర్ తిరిగే దిశ వల్ల వెనకభాగం ఎడమ పక్కకి లాగుతుంది. ఇవి హుస్సేన్‌సాగర్‌లో ఎదురయ్యేవి కావు, అయిదు రోజుల కోర్సులో ఒకటి రెండుసార్లు చేయించినా చేతికి పట్టవు. అందుకే స్థానిక స్కిప్పర్‌ని ఆదివారం నుంచి మంగళవారం దాకా తీసుకోండి. ఆయన చేత నడిపించుకోవద్దు. ఆయన పక్కన నిలబడి ఉండగా మీరే కనీసం ఆరుసార్లు కట్టాలి, విప్పాలి అని ఆయనకి ముందే చెప్పండి. ఆయనకి రోజు కూలీతో పాటు భోజనం, పడుకునే చోటు మీరే చూడాలి. మూడు కేబిన్ల పడవలో ఆరుగురు ఉంటే ఆయన హాల్లో సోఫా మీద పడుకోవాల్సి వస్తుంది. అది ముందే మాట్లాడుకోండి.

కట్టే పద్ధతి

ఇది కాస్త వివరంగా చెబుతాను, వారం బాగుండాలంటే ఇదే ముఖ్యం. ఇక్కడి చిన్న ఒంపుల్ని కోయ్ అంటారు. కొండ నేరుగా నీళ్లలోకి దిగిపోతుంది కాబట్టి ఒడ్డుకి కొద్ది దూరంలోనే 20 మీటర్ల లోతు ఉంటుంది. ఊరికే లంగరు వేసి వదిలేస్తే, రాత్రి కొండమీంచి దిగే గాలికి పడవ లోతువైపు నెట్టుకుపోతుంది. అప్పుడు లంగరు వాలు మీంచి కిందికి జారి పట్టు వదిలేస్తుంది. అందుకే ముందుభాగాన లంగరు, వెనకభాగాన ఒడ్డుకి రెండు తాళ్లు. టర్కిష్‌లో దీన్ని కిచ్తాన్‌కరా అంటారు, వెనకవైపు నేలకి అని. అలా కడితే లంగరు మీద లాగుడు వాలు పైకి పడుతుంది, అది ఇంకా లోపలికి దిగబడుతుంది.

వరస ఇలా ఉండాలి. పని మొదలుపెట్టకముందే ఫెండర్లు (పక్క పడవకి తగలకుండా కాపాడే గాలి దిండ్లు) రెండు పక్కలా వేలాడదీయండి. 40, 50 మీటర్ల పొడవున్న రెండు ఒడ్డు తాళ్లనీ చిక్కుల్లేకుండా విప్పి వెనక పెట్టుకోండి. రబ్బరు డింగీని (వెంట ఉండే చిన్న పడవని) పడవ ముందు పక్కకి, పొట్టి తాడుతో కట్టండి. వెనక వదిలేస్తే రివర్స్‌లో దాని తాడే ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటుంది. ఈ తీరంలో ఇది తరచూ జరిగే పొరపాటు. తర్వాత ఒడ్డుకి నాలుగైదు పడవల పొడవు దూరంలో, 15 నుంచి 20 మీటర్ల లోతులో లంగరు దించండి. నెమ్మదిగా వెనక్కి వస్తూ 50, 60 మీటర్ల గొలుసు పరవండి. గొలుసుని విసిరేసినట్టు ఒకేసారి వదిలితే కుప్పగా పడుతుంది. విండ్‌లాస్ (లంగరు గొలుసు ఎత్తి దించే మోటారు) వాడుతున్నంతసేపూ ఇంజను 1500 ఆర్‌పీఎం మీద ఉండాలి, లేకపోతే బ్యాటరీ దిగిపోయి మధ్యలో ఆగిపోతుంది. ఆగితే ముందు బ్రేకర్ చూడండి. అది ఎక్కడుందో పడవ తీసుకునేటప్పుడే చూసి పెట్టుకోవాలి.

ఈదేవాళ్లు ఒక తాడు కొస పట్టుకుని ఒడ్డుకి వెళ్తారు. కాళ్లకి రబ్బరు చెప్పులు తప్పనిసరి, రాళ్ల మీద సముద్రపు ముళ్లజీవులు ఉంటాయి. మనిషి వెనకవైపు నీళ్లలో ఉన్నంతసేపూ గేరు న్యూట్రల్‌లో ఉండాలి. దీనికి మినహాయింపు లేదు. గాలి ఏ పక్కనుంచి వస్తోందో ఆ పక్క తాడు ముందు కట్టాలి. రెండో తాడు తర్వాత నింపాదిగా కట్టుకోవచ్చు. రెండూ కలిసి వెడల్పాటి కోణంలో ఉంటే పడవ పక్కలకి ఊగదు. చివర్లో గొలుసుని బిగించి, ఇంజనుతో లాగి చూడండి. ఒడ్డున రెండు గుర్తులు, ఒక రాయీ దాని వెనక ఒక చెట్టూ, ఒకే వరసలో చూసుకుని అయిదు నిమిషాలు గమనించండి. అవి వరస తప్పుతుంటే లంగరు జారుతున్నట్టే. మొహమాటపడకుండా మళ్లీ వేయండి.

చెట్లకి తాళ్లు కట్టడం నిషేధం. ఫెతియె-గోజెక్ ప్రాంతం 1988 నుంచి ప్రత్యేక పర్యావరణ రక్షణ ప్రాంతం. బోయాలు (నీళ్ల మీద తేలే, పడవ కట్టుకునే గుండ్లు), ఒడ్డున ఇనుప గుంజలు ఉన్నచోట అవే వాడండి. హోటలు జెట్టీల దగ్గర అయితే లంగరే అక్కర్లేదు, అడుగున స్థిరంగా వేసిన తాడు (తొనోజ్ అంటారు) కుర్రాడు చేతికి అందిస్తాడు, ముందుకి తీసుకెళ్లి కట్టుకోవడమే. ఆ తాడు చేతిలో బిగువుగా ఉన్నప్పుడు ఇంజను తిప్పకండి. సాధారణంగా అక్కడ రాత్రి భోజనం చేస్తే కట్టుకున్నందుకు విడిగా డబ్బులు అడగరు. మొదటి రాత్రి ఇలాంటి చోటే ఎంచుకోండి.

ఉదయం లంగరు ఎత్తితే పక్కవాళ్ల గొలుసు కూడా దాంతో పైకి రావడం మామూలే. కంగారు వద్దు. ఆ గొలుసు కిందనుంచి ఒక తాడు దూర్చి, రెండు కొసలూ మీ పడవకే కట్టండి. మీ లంగరుని మీటరు కిందికి దించితే అది విడిపోతుంది. పడవని కాస్త పక్కకి తీసుకుని లంగరు పైకి ఎత్తేశాక, తాడు ఒక కొస వదిలేయండి. చేత్తో ఆ గొలుసు ఎత్తబోతే వేళ్లు నలుగుతాయి.

గాలి, రోజు లెక్క

వేసవిలో ఏజియన్ మీద వీచే వాయవ్య గాలిని మెల్తెమి అంటారు. బోడ్రుమ్ వైపు అది గట్టిగా ఉంటుంది. ఫెతియె అఖాతం కాస్త చాటున ఉంది కాబట్టి బలం తగ్గి, పగటి సముద్రపు గాలితో కలిసి పశ్చిమం వైపునుంచి వస్తుంది. తెల్లవారితే నీళ్లు అద్దంలా ఉంటాయి. పన్నెండు గంటల వేళ కదలిక మొదలై రెండు మూడింటికి 15, 18 నాట్లకి చేరి, పొద్దుగుంకాక తగ్గుతుంది. కాబట్టి దూరం వెళ్లాల్సిన రోజు ఉదయం ఏడింటికే ఇంజను మీద బయలుదేరండి. తెరచాప సరదా కావాల్సిన రోజు పన్నెండు నుంచి మూడు దాకా అఖాతంలోనే తిరగండి. రెండు రకాల రోజుల్లోనూ నాలుగింటికల్లా కట్టేసి ఉండాలి, ఆలస్యమైతే మంచి చోట్లు మిగలవు.

గాలి 15 నాట్లు దాటుతోందంటే తెరచాప కొంత చుట్టేయండి. మస్తూలు (తెరచాప స్తంభం) లోపలికి చుట్టుకునే రకం తెరచాప అద్దె పడవల్లో ఎక్కువ. అది ఇరుక్కుపోవడానికి కారణం, చుట్టేటప్పుడు గుడ్డ వదులుగా ఉండి మడతలు పడటం. పడవని గాలికి దాదాపు ఎదురుగా తిప్పి, కింది కొస తాడుని పూర్తిగా వదలకుండా కాస్త బిగువుగా ఉంచుతూ చుట్టాలి. బిగిసిపోతే వించ్ (తాడు లాగే చక్రం) పెట్టి బలంగా తిప్పకండి, చిరుగుతుంది. కొంచెం బయటికి లాగి మళ్లీ చుట్టండి.

రూటు ఇలా వేసుకుంటే ఊపిరి ఆడుతుంది:

ఆదివారం గోజెక్ నుంచి 5 మైళ్ల లోపే ఉన్న బోయ్‌నుజ్ బుకు. హోటలు జెట్టీ ఉంది. మధ్యాహ్నమంతా కట్టే సాధనే. సోమవారం తెర్సానె దీవి దగ్గర ఈత, మధ్యాహ్నపు పడమటి గాలి వెనకనుంచి తోస్తుండగా ఫెతియె ఊరికి 11 మైళ్లు. ఈ వారంలో తెరచాపకి ఇదే అందమైన దారి. మంగళవారం ఫెతియెలో వారపు సంత. కూరగాయలు, నీళ్లు నింపుకోవడం, మురుగు ట్యాంకు ఖాళీ చేయించడం అన్నీ అక్కడే. స్కిప్పర్ కూడా అక్కడే దిగి టాక్సీలో వెళ్లిపోవచ్చు. బుధవారం ఏడింటికి బయలుదేరి గెమిలెర్, 12 మైళ్లు. దీవి మీద బైజాంటైన్ కాలపు చర్చిల శిథిలాలున్నాయి. పక్కనే సోవుక్‌సు అనే కోయ్ నుంచి కొండెక్కి ముప్పావుగంట నడిస్తే కయాకోయ్, 1923 జనాభా మార్పిడిలో గ్రీకులు వదిలి వెళ్లాక ఖాళీగా మిగిలిన ఊరు. పిల్లల్ని సాయంత్రం నాలుగు దాటాక తీసుకెళ్లండి, ఎండ తగ్గుతుంది. ఒలుదెనిజ్ మడుగులోకి యాట్లని రానివ్వరు. సీతాకోకల లోయ దగ్గర అలలకి అడ్డు లేదు, రాత్రి ఉండే చోటు కాదు. గురువారం మళ్లీ ఏడింటికే లేచి గాలి రాకముందే అఖాతంలోకి వచ్చేసి, కపి కోయ్‌లో గానీ నీళ్లలో పాత కట్టడాల శిథిలాలు కనిపించే హమామ్ కోయ్‌లో గానీ ఆగండి. శుక్రవారం చివరి తెరచాప, తర్వాత గోజెక్.

గెమిలెర్‌కి వెళ్లే రోజు గాలి సూచన 20 నాట్లు దాటితే ఆ భాగం వదిలేసి లోపలే ఉండండి. సర్సలా, తాష్‌యకా, యస్సిజా దీవులతో రెండు రోజులు ఇట్టే గడిచిపోతాయి. తాష్‌యకాలో కొండకి చెక్కిన లిసియన్ సమాధులు, చిత్రకారుడు బెద్రి రహ్మి రాతి మీద వేసిన చేప బొమ్మ ఉన్నాయి.

పడవ తీసుకునే గంట

కంపెనీ మనిషి తొందరపెడతాడు, మీరు తొందరపడొద్దు. ఇంజను వేయించి వెనక పొగగొట్టంలోంచి నీళ్లు పడుతున్నాయా చూడండి. పడకపోతే ఇంజనుకి చల్లదనం అందడం లేదన్నమాట. దారిలో వేడి హెచ్చరిక మోగినా ముందు అనుమానించాల్సింది సముద్రపు నీళ్లు లోపలికి వచ్చే చోట ఇరుక్కున్న నాచునీ, ప్లాస్టిక్ సంచినీ. ఆ ఫిల్టరు మూత తీసి చూపించమనండి. గొలుసు మొత్తం ఎన్ని మీటర్లు, ఎక్కడెక్కడ రంగు గుర్తులున్నాయి అడగండి. తెరచాపలు పూర్తిగా విప్పించి చూడండి. అడుగు గది పొడిగా ఉందా, డింగీ మోటారు స్టార్టవుతోందా, వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ చానెల్ (ప్రమాద పిలుపుల చానెల్) వినబడుతోందా చూసుకోండి. గీతలన్నిటికీ ఫోటోలు తీయండి, డిపాజిట్ రెండు మూడు వేల యూరోలు ఉండొచ్చు కదా. పిల్లల లైఫ్ జాకెట్లు వాళ్ల బరువుకి తగినవి, కాళ్ల మధ్య పట్టీ ఉన్నవి కావాలని బుకింగ్‌లోనే రాయించండి, అక్కడికక్కడ దొరకవు. అత్యవసర ఫోను 112, కోస్ట్‌గార్డ్‌కి కూడా అదే.

నీళ్లు, కరెంటు, టాయిలెట్

ట్యాంకులో 400, 500 లీటర్లు ఉంటాయి. ఆరుగురు మనిషికి 25 లీటర్లు వాడితే మూడు రోజులు. సబ్బు స్నానం సముద్రంలో వద్దు, ఈతయ్యాక వెనక షవరుతో ఒక నిమిషం ఒళ్లు కడుక్కుంటే చాలు. బ్యాటరీని తినేది ఫ్రిజ్. మీటరు 12.2 వోల్టుల దగ్గరికి వస్తే ఇంజను వేయండి, రోజుకి రెండు గంటలు నడిస్తే సరిపోతుంది. డీజిల్ గంటకి మూడు నాలుగు లీటర్లు.

టాయిలెట్‌లో కాగితం వేయకండి, పక్కన డబ్బాలో వేయండి. సన్నటి గొట్టం అది, మూసుకుపోతే విప్పి శుభ్రం చేయాల్సింది మీరే. చేతి పంపు కనీసం ఇరవైసార్లు కొట్టాలి. మన అలవాటుకి ఒక మగ్గు వెంట తెచ్చుకోండి. మురుగు సముద్రంలోకి వదిలితే భారీ జరిమానా. ట్యాంకు రెండు మూడు రోజులకే నిండుతుంది, ఖాళీ చేయించిన ప్రతిసారీ మావి కార్త్ అనే నీలి కార్డులో నమోదవుతుంది.

వంట

రైస్ కుక్కర్ తీసుకురావద్దు, మెరీనా కరెంటు ఉన్నప్పుడు తప్ప పని చేయదు. 3 లీటర్ల ప్రెషర్ కుక్కర్ తెచ్చుకోండి. పడవలో గ్యాస్ పొయ్యే ఉంటుంది. నీళ్లూ గ్యాసూ రెండూ ఆదా, ఊపుకి పప్పు ఒలకదు. పడవ నడుస్తున్నప్పుడు వంట పెట్టుకోవద్దు. ఉదయం ఆగి ఉన్నప్పుడే అన్నం, పప్పు వండి పెట్టేసుకోండి. చింతపండు, ఇంగువ, కారప్పొడి, కందిపొడి, ఆవకాయ, పోపు దినుసులు ఇంటినుంచి తెచ్చుకుంటే మిగతావన్నీ అక్కడ దొరుకుతాయి. కిర్మిజి మెర్జిమెక్ అంటే మన ఎర్ర మసూరు పప్పు. వంకాయలు, టమాటాలు, నిమ్మకాయలు బ్రహ్మాండంగా ఉంటాయి. పెరుగు చిక్కగా ఉంటుంది, నీళ్లు కలిపితే మజ్జిగన్నానికి సరిగ్గా సరిపోతుంది. బాల్దో బియ్యం పొట్టిగా, ముద్దగా వస్తాయి. పొడి అన్నం కావాలంటే బాస్మతి అడగండి. కోయ్‌లలో పొద్దున్నే గోజ్‌లెమె అమ్మే చిన్న పడవలు పక్కకొచ్చి ఆగుతాయి, పల్చటి రొట్టెలో పాలకూరో చీజో పెట్టి అక్కడికక్కడే కాల్చి ఇస్తారు.

వాంతుల మందు కడుపు తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే ఉపయోగం తక్కువ, బయలుదేరడానికి గంటా రెండు గంటల ముందే పడాలి. అవోమిన్ నిద్రమత్తు ఇస్తుంది, చుక్కాని పట్టేవాళ్లు వేసుకోకూడదు. పిల్లల మోతాదు మీ డాక్టరుని అడగండి.

కాగితాలు

భారతీయ పాస్‌పోర్టు మీద టర్కీ ఇ-వీసా రావాలంటే చెల్లుబాటులో ఉన్న షెంగెన్, అమెరికా, బ్రిటన్ లేదా ఐర్లండ్ వీసా గానీ నివాస అనుమతి గానీ ఉండాలి. లేకపోతే స్టిక్కర్ వీసా, దానికి సమయం పడుతుంది. ఇ-వీసా ఒక్కసారి ప్రవేశానికే. దగ్గరలో రోడ్స్ ఉంది కదా అని గ్రీసు దీవికి దాటితే, షెంగెన్ వీసా ఉన్నా టర్కీలోకి తిరిగి రావడానికి మళ్లీ వీసా కావాలి. దేశం లోపలే తిరగడానికి ట్రాన్సిట్ లాగ్ అనే పత్రాన్ని కంపెనీయే చేయిస్తుంది, అందులో ఆరుగురి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. డే స్కిప్పర్‌తో పాటు ఐసీసీ (పడవ నడిపే అంతర్జాతీయ అర్హత పత్రం), వీహెచ్‌ఎఫ్ రేడియో సర్టిఫికెట్ కూడా అడుగుతారు, బుకింగ్‌కి ముందే కాపీలు పంపి సరేననిపించుకోండి. ప్రయాణ బీమాలో మీరే పడవ నడపడం కవర్ అవుతుందో లేదో చదవండి, చాలా పాలసీల్లో అది ఉండదు.

శుక్రవారం మధ్యాహ్నం మూడు దాటితే గోజెక్ డీజిల్ పంపు దగ్గర పడవలన్నీ వరసలో ఉంటాయి. రెండింటికల్లా చేరి, ట్యాంకు నింపి, రసీదు తీసుకుని కంపెనీ మనిషికి చూపించండి. ఆ తర్వాత డైవర్ దిగి కీల్ (పడవ అడుగున ఉండే బరువైన రెక్క), ప్రొపెల్లర్ చూస్తాడు. ఏదైనా రాయికి తగిలి ఉంటే మీరే ముందు చెప్పేయండి, ఆ పడవలో మర్నాడు ఇంకో కుటుంబం ఎక్కుతుంది.